నొప్పి తగ్గిన రోజు రాడ్ ఎత్తే రోజు కాదు



ఈ వారం వ్యాసం మన సంఘంలోని కుర్రవాళ్ళ కోసం. అయినా పెద్దలు కూడా చదవండి. జిమ్‌లో రాడ్ ఎత్తేవాడి నడుము, పొలంలో యూరియా బస్తా ఎత్తేవాడి నడుము వేరు కాదు. నిండు బిందె చంకన పెట్టుకుని వచ్చే అమ్మలదీ అదే నడుము.

నడుముకు దెబ్బ తగిలినవాడు మళ్ళీ బరువులు ఎప్పుడు ఎత్తాలి? మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. నొప్పి తగ్గడం వేరు, నడుము బరువుకు సిద్ధం కావడం వేరు. ఈ రెంటి మధ్య కొన్ని వారాలు, ఒక్కోసారి కొన్ని నెలలు పడుతుంది. ఆ మధ్యకాలాన్ని మన పిల్లల్లో కొందరు ఒక్క గెంతులో దాటబోతున్నారు. ఇంకొందరు అందులోనే మంచం పట్టి ఉండిపోతున్నారు. రెండు రకాల వాళ్ళూ నష్టపోవడం మేము చూస్తున్నాం.

శ్రీశైలం రోడ్డు మీద ఉన్న మన ఊళ్ళవాళ్ళకు పట్నం అంటే హైటెక్ సిటీ కాదు. పహాడీషరీఫ్ దాటి, బార్కస్ దాటి, చాంద్రాయణగుట్ట దగ్గర బస్సు దిగితే అదే మనకు హైదరాబాదు. కల్వకుర్తి, ఆమనగల్లు వైపు నుంచి పనికి వెళ్ళిన కుర్రవాళ్ళు ఆ చుట్టుపక్కలే నలుగురైదుగురు కలిసి గది తీసుకుంటారు. కొందరు మీర్ ఆలం మండీలో కూరగాయల మూటలు దింపుతారు. కొందరు టైల్స్ షాపుల్లో పాతిక ముప్పై కేజీల పెట్టెలు మోస్తారు. సాయంత్రం స్నానం చేసి జిమ్‌కు పోతారు. నెలకోసారి వాళ్ళ గదిలో ప్రార్థన పెట్టుకోవడానికి మేము వెళ్తుంటాం. ప్రార్థన మనవులు చెప్పమంటే ఇదివరకు ఉద్యోగం, పెళ్ళి, అప్పు అనేవారు. ఇప్పుడు ఇరవై రెండేళ్ళవాడు నడుము నొప్పి అంటున్నాడు.

ఆ ప్రాంతానికీ బరువులకూ పాత స్నేహం ఉంది. నిజాం కొలువులోని అరబ్బు సైనికులు ఉన్న బ్యారక్సే జనం నోట బార్కస్ అయింది. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చినవాళ్ళ సంతతి ఇప్పటికీ అక్కడ ఉంది. కుస్తీకి ఆ పేట పెట్టింది పేరు. పాతబస్తీలో తాలీము అంటే కుస్తీ నేర్పే చోటు, మన పల్లెల్లో గరిడీ లాంటిది. మట్టి గోదా, ముగ్దర్లు, దండ్‌లు, బైఠక్‌లు అక్కడి సరంజామా. ఇప్పుడు అవే వీధుల్లో అద్దాల జిమ్‌లు వచ్చాయి. జిమ్‌ల మీద మాకేమీ కోపం లేదు. సాయంత్రం పూట కల్లు దుకాణానికో పేకాటకో పోకుండా ఒళ్ళు వంచి చెమట పట్టించేవాడిని మేము మెచ్చుకుంటాం. కానీ తాలీములో ఉస్తాద్ కన్ను శిష్యుడి మీద ఉంటుంది. వీడి ఒళ్ళు దేనికి సిద్ధమో ఆయనకు తెలుసు. జిమ్‌లో మన కుర్రవాడి మీద ఉండే కన్ను చాలాసార్లు పక్కవాడి ఫోన్ కెమెరాదే.

మన కుర్రవాడొకడి సంగతి చెబుతాం, పేరు వద్దు. టైల్స్ షాపులో పని. పగలంతా పెట్టెలు మోసి, సాయంత్రం డెడ్‌లిఫ్ట్ చేస్తుంటే నడుము కలుక్కుమంది. వంగిన మనిషి లేవలేకపోయాడు. స్నేహితులు మాలీషుకు తీసుకెళ్ళారు. అక్కడ నడుము తొక్కించుకుని వచ్చాక నొప్పి కాలిలోకి దిగింది. తరవాత ఎవరో స్కాన్ తీయించమన్నారు, అప్పు చేసి తీయించాడు. రిపోర్టులో డిస్క్ ఉబ్బింది అని ఉంది. ఆ కాగితం చదువుకుని మూడు రాత్రులు నిద్రపోలేదు. ఇంటికి వచ్చి మూడు వారాలు మంచం దిగలేదు. సంఘమంతా ప్రార్థన చేశాం. నొప్పి నెమ్మదించింది. ఆదివారం ఆరాధన అయ్యాక వచ్చి, "అయ్యగారూ, నొప్పి మొత్తం పోయింది. వచ్చే వారం సాక్ష్యం చెప్త. సోమవారం నుంచి జిమ్ షురూ చేస్త" అన్నాడు. సాక్ష్యం చెప్పు నాయనా, రాడ్ మాత్రం ముట్టుకోకు అన్నాం. వాడి ముఖం చిన్నబోయింది. మాకు విశ్వాసం తక్కువైందనుకున్నాడేమో.

ఆ కుర్రవాడి కథలో మనకు కావలసినవన్నీ ఉన్నాయి. ముందుగా ఆ స్కాన్ కాగితం. నడుము నొప్పి ఏమాత్రం లేని 3,110 మంది స్కాన్‌ల మీద జరిగిన పరిశోధనలను కలిపి 2015లో ఒక సమీక్ష ప్రచురించారు. ఏ నొప్పీ లేని ఇరవై ఏళ్ళవాళ్ళలో నూటికి 37 మందికి డిస్కు అరుగుదల కనిపించింది, 30 మందికి డిస్కు ఉబ్బు కనిపించింది. ఎనభై ఏళ్ళవాళ్ళలో అరుగుదల నూటికి 96 మందికి ఉంది. అంటే తలలో తెల్ల వెంట్రుకలాంటిదే చాలామంది డిస్కులో ఆ ఉబ్బు కూడా. స్కాన్ పనికిరాదని కాదు. ఆ కాగితాన్ని మనిషి పక్కన పెట్టి చదవగల వైద్యుడి చేతిలో అది పనికొస్తుంది. అర్ధరాత్రి ఒంటరిగా గదిలో ఫోన్ వెలుగులో చదువుకునే కుర్రవాడికి అది శాపపత్రంలా కనిపిస్తుంది. నా బతుకు అయిపోయింది, ఇక బరువు ఎత్తలేను, పిల్లనెవరిస్తారు... ఇదీ వాడు ఆ మూడు రాత్రులు అనుకున్నది.

అయితే ఆగకూడని సందర్భాలు కొన్ని ఉన్నాయి, ఇవి గుర్తుపెట్టుకోండి. మూత్రం, మలం మీద అదుపు తప్పినా, మూత్రం ఆగిపోయినా, తొడల మధ్య కూర్చునే చోట తిమ్మిరెక్కినా, కాలిలో బలం రోజురోజుకూ తగ్గి పాదం ఈడుస్తున్నా, నడుము నొప్పితో పాటు జ్వరం ఉన్నా, పై నుంచి పడి నొప్పి మొదలైనా, ఆ రాత్రికి ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్ళాలి. మాలీషు వద్దు, పుత్తూరు కట్టు వద్దు, మాకు ఫోన్ చేసి ప్రార్థన చేయించుకుని తెల్లారాక చూద్దాం అనుకోవడం కూడా వద్దు. దారిలో ఫోన్ చేయండి, మేమూ వస్తాం.

మాలీషు సంగతి కూడా సూటిగా చెబుతాం. పాతబస్తీ పహిల్వాన్లకు బెణుకుల గురించి తెలుసు. నూనె పెట్టి మర్దన చేస్తే బిగిసిన కండకు సుఖంగా ఉంటుంది, కాదనం. కానీ కాలిలోకి మంటలాగా నొప్పి దిగుతున్నవాడి నడుము తొక్కడం, విరిచి టక్కుమనిపించడం వైద్యం కాదు.

ఇక మంచం. మన పెద్దల కాలంలో నడుము పడితే చెక్కబల్ల మీద నెల రోజులు పడుకోమనేవారు, వైద్యులూ అదే చెప్పేవారు. ఇప్పుడు వైద్యం మాట మార్చింది. మొదటి ఒకటి రెండు రోజులు, అదీ నొప్పి భరించలేకపోతే, పడుకోవాలి. తరవాత లేచి నడవాలి. మామూలు నడుము నొప్పి ఎక్కువ మందికి ఆరు వారాల లోపు బాగా తగ్గుతుంది. మంచం మీద ఉన్న ప్రతి వారం కండ కరుగుతుంది, భయం పెరుగుతుంది. ఆ కుర్రవాడు మూడు వారాలు పడుకుని లేచేసరికి వాడి నడుము దెబ్బ తగిలిన రోజుకన్నా బలహీనంగా ఉంది. నొప్పి మాత్రం లేదు. అందుకే సోమవారం వద్దన్నాం.

ఇక్కడ మన తెలుగు బిడ్డను తలుచుకోవాలి. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట నుంచి వెళ్ళిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 110, 130, కలిపి 240 కేజీలు ఎత్తి కాంస్యం తెచ్చారు. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమె. అదే మల్లీశ్వరి 2004 ఏథెన్స్‌లో వెన్ను గాయంతో పోటీ పూర్తి చేయలేకపోయారు. ఆ ఒలింపిక్స్‌తోనే ఆమె ఆట ముగిసింది. ఆమెను తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. అంతటి కండబలం, అంతటి శిక్షణ, చుట్టూ అంతమంది నిపుణులు ఉన్న మనిషికే నడుము ఎదురు తిరిగితే బరువు లేవదు. యూట్యూబ్ చూసి నేర్చుకున్న మనవాడికి ప్రత్యేక మినహాయింపు ఉంటుందా?

మణిపూర్ అమ్మాయి మీరాబాయి చాను దారి చూడండి. 2017లో ప్రపంచ విజేత. 2018 ఏప్రిల్‌లో గోల్డ్ కోస్ట్ కామన్‌వెల్త్ క్రీడల్లో 196 కేజీలు ఎత్తి స్వర్ణం గెలిచింది. ఆ తరవాత నడుము పట్టేసింది. ఆ ఏడాది ఆగస్టులో జకార్తా ఆసియా క్రీడలకు వెళ్ళలేదు. ఆ ఏడాదే జరిగిన ప్రపంచ పోటీలకూ వెళ్ళలేదు. దేశం మొత్తం పతకం కోసం చూస్తున్నప్పుడు ఇంట్లో ఆగిపోవడం ఎంత కష్టమో ఆలోచించండి. 2019 ఫిబ్రవరిలో థాయ్‌లాండ్‌లో తిరిగి పోటీకి దిగింది. అప్పుడు ఎత్తింది 192 కేజీలు. మాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చిన అంకె ఇదే. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో 202 కేజీలతో రజతం తెచ్చిందని అందరికీ తెలుసు, ఊరూరా ఫ్లెక్సీలు కట్టారు. 192 ఎవరికీ గుర్తులేదు. మునుపటికన్నా నాలుగు కేజీలు తక్కువ ఎత్తి, అదేమీ చిన్నతనం అనుకోకుండా, అక్కడి నుంచి మళ్ళీ మొదలుపెట్టింది. మన కుర్రవాళ్ళు చేయలేనిది 202 కాదు, 192. నిన్న వంద ఎత్తినవాడు ఇవాళ జిమ్‌లో అందరి ముందు ఖాళీ రాడ్ పట్టుకోవాలంటే సిగ్గుపడుతున్నాడు.

మరి ఆ మధ్యకాలంలో ఏం చేయాలి? మేము వైద్యులం కాము. ఫిజియోథెరపిస్టులను అడిగి తెలుసుకున్నది, చదివి సరిచూసుకున్నది చెబుతున్నాం. మొదట నడక. పది నిమిషాలతో మొదలుపెట్టి, రోజుకు రెండు మూడుసార్లు నడవాలి. పాతబస్తీ గల్లీల్లో నడవడం కష్టమే, అయినా ఆ గుంతల్లో ఆటోలో ఎగిరిపడటం కన్నా నయం. తరవాత నేల మీద చేసే మూడు కసరత్తులు ఉన్నాయి. కెనడాకు చెందిన స్టువర్ట్ మెక్‌గిల్ అనే వెన్నెముక శాస్త్రవేత్త వాటిని ప్రచారంలోకి తెచ్చారు. వెల్లకిలా పడుకుని, నడుము కింద అరచేతులు పెట్టుకుని, తల భుజాలు కాస్త మాత్రమే పైకి లేపడం ఒకటి. ఒక పక్కకు మోచేతి మీద ఆనుకుని తుంటి పైకి లేపి నిలపడం రెండోది. చేతులు మోకాళ్ళ మీద ఉండి, ఎడమ చేయి కుడి కాలు, తరవాత కుడి చేయి ఎడమ కాలు చాపడం మూడోది. ఒక్కొక్కటి పది సెకన్లకు మించకుండా నిలిపి, మళ్ళీ మళ్ళీ చేయాలి. చూడ్డానికి పిల్లల ఆటలా ఉంటాయి. కండలు తిరిగిన మన కుర్రవాడు రెండోది చేయబోతే వణికిపోయాడు.

తరవాత వంగడం నేర్చుకోవాలి. నవ్వకండి. ఒక చీపురుకర్ర తీసుకుని వీపు మీద నిలువుగా పెట్టుకోండి. తల వెనక, భుజాల మధ్య, నడుము కింద తోకఎముక దగ్గర, మూడు చోట్లా కర్ర తగలాలి. ఇప్పుడు పిరుదులు వెనక్కి నెడుతూ వంగండి. మూడు చోట్లా కర్ర అలాగే అంటుకుని ఉంటే మీరు తుంటి దగ్గర వంగుతున్నారు. కర్ర విడిపోతే నడుము దగ్గర వంగుతున్నారు. టైల్స్ పెట్టె ఎత్తడానికైనా, డెడ్‌లిఫ్ట్‌కైనా ఇదే మూలపాఠం. మరొకటి. రాత్రంతా పడుకున్నప్పుడు డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బి ఉంటాయి. అందుకని లేచిన మొదటి గంటలో లోతుగా వంగే పనులు, బరువులు పెట్టుకోకపోవడం మంచిది. తెల్లవారుజామున ఐదింటికి నేరుగా మంచం దిగి జిమ్‌కు పరిగెత్తేవాళ్ళు ఇది గమనించాలి.

ఇవన్నీ నొప్పి లేకుండా చేయగలిగి, రోజువారీ పనులు భయం లేకుండా చేసుకుంటున్నప్పుడు ఖాళీ రాడ్. మగవాళ్ళ ఒలింపిక్ రాడ్ 20 కేజీలు ఉంటుంది, అదే చాలు. అక్కడి నుంచి వారానికి కొంచెం కొంచెంగా పెంచాలి. ఎంత పెంచాలో ఎలా తెలుస్తుంది అని అడుగుతారు. సెట్ చేస్తున్నప్పుడు ఒళ్ళు వేడి మీద ఉంటుంది, అప్పుడు నడుము నిజం చెప్పదు. మర్నాడు పొద్దున్న మంచం దిగేటప్పుడు చెబుతుంది. నిన్నటిలాగే ఉంటే అంతే బరువు, లేదా ఇంకాస్త. బిగుసుకుపోయి ఉంటే, నొప్పి కాలివైపు దిగుతుంటే, వెనక్కి. కండకు రక్తం బాగా అందుతుంది, తొందరగా కోలుకుంటుంది. డిస్కుకు రక్తం అందేది చాలా తక్కువ, దాని పని నిదానం. కండ సిద్ధమైందని డిస్కును తొందరపెడితే అది ఒప్పుకోదు. గుట్కా, సిగరెట్ ఆ నిదానాన్ని ఇంకా పెంచుతాయి. ఇది ఎవరిని ఉద్దేశించి రాస్తున్నామో వాళ్ళకు తెలుసు.

నొప్పి మాత్ర వేసుకుని, లేదా సూది వేయించుకుని జిమ్‌కు వెళ్ళేవాళ్ళూ ఉన్నారు. కాపలా కుక్క మొరుగుతోందని దాని మూతి కట్టేసి పడుకున్నట్టు ఉంటుంది ఆ పని. వైద్యుడు ఇచ్చిన మాత్ర నడవడానికి, నిద్రపోవడానికి వాడుకోండి, బరువు ఎత్తడానికి కాదు. బెల్టు కూడా మందు కాదు. బాగున్న నడుముకు పెద్ద బరువు దగ్గర అది తోడు, దెబ్బతిన్న నడుముకు కట్టు కాదు.

ఇప్పుడు మనసులో ఉన్న అసలు మాట. సంఘంగా మనం ఈ పిల్లల మీద ఒక ఒత్తిడి పెడుతున్నాం. నొప్పి తగ్గిందని ఒకడు చెప్పగానే చప్పట్లు కొట్టి, పూర్తిగా స్వస్థపడ్డావు కదా అని అందరి ముందు అనిపిస్తాం. అనిపించాక వాడు మర్నాడు నడుము పట్టుకుని కూర్చోవడానికి భయపడతాడు. కూర్చుంటే వాడి విశ్వాసం పోయిందని నలుగురూ అనుకుంటారని భయం. హిజ్కియా రాజు సంగతి మనకు తెలుసు. పదిహేనేళ్ళ ఆయుష్షు ఇస్తానన్న మాట దేవుని దగ్గర నుంచి వచ్చాకే, యెషయా ప్రవక్త అంజూరపు పండ్లు తెప్పించి పుండు మీద కట్టించాడు. వాగ్దానం ఉంది కదా, కట్టు ఎందుకు అని ఎవరూ అనలేదు. హైదరాబాదు కట్టినవాళ్ళు కూడా 1591లో చార్మినార్ లేపిన నాలుగేళ్ళకు, 1595లో, దారుల్ షిఫా అని ఆసుపత్రి కట్టారు. ఇవాళ ఆ పేరు బస్సు కండక్టర్ కేకలోనే వినిపిస్తుంది, స్వస్థత ఇల్లు అని దాని అర్థం.

ఇంకో ఇబ్బంది ఉంది, దీన్ని మాటలతో తీర్చలేం. జిమ్ మానెయ్యమంటే మానేస్తాడు. టైల్స్ షాపు? మీర్ ఆలం మండీ? రోజు కూలి మీద బతికేవాడికి ఆరు వారాలు పెట్టె ఎత్తకు అని చెప్పడం తేలిక, గది అద్దె ఎవరు కడతారు? జిమ్‌లో ఖాళీ రాడ్ ఎత్తి, పగలు ముప్పై కేజీల పెట్టెలు వంద మోస్తే ఆ జాగ్రత్తకు అర్థం లేదు. ఆ కుర్రవాడి యజమానితో మేము వెళ్ళి మాట్లాడాం. ఆయన ముస్లిం పెద్దమనిషి, కొడుకులా చూసుకుంటారు. రెండు నెలలు బిల్లు పుస్తకం దగ్గర కూర్చోబెట్టారు, జీతం కొంత తగ్గించారు. ఆ తగ్గిన సొమ్ము సంఘం కానుకల నుంచి ఇచ్చాం. కానుకలు జిమ్ దెబ్బలకా అని ఒకరిద్దరు పెద్దలు సణిగారు. వాళ్ళకు మేము ఇచ్చే జవాబు ఇదే: తుఫానుకు పంట పోయినవాడికి ఇచ్చినప్పుడు, ఆ పంట ఎందుకు వేశావని అడగలేదు కదా.

ఫిజియోథెరపీకి డబ్బు లేదనుకునేవాళ్ళు మూసీ వంతెన దాటి అఫ్జల్‌గంజ్ ఉస్మానియాకు వెళ్ళండి. పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఆ విభాగం ఉంటుంది. క్యూ పొడుగ్గా ఉంటుంది, ఒక పూట పోతుంది, పోనివ్వండి.

ఆ కుర్రవాడు ఇప్పుడు పదకొండో వారంలో ఉన్నాడు. మొన్న ఖాళీ రాడ్‌కు అటొకటి ఇటొకటి ఐదు కేజీల ప్లేట్లు తగిలించాడట, వాట్సాప్‌లో ఫోటో పెట్టాడు. మర్నాడు పొద్దున్న ఎలా ఉంది అని అడిగాం. "సిన్న బిగుతు ఉంది అయ్యగారూ, ఈ వారం ఇదే ఉంచుత" అన్నాడు.

వచ్చే నెల రెండో శనివారం సాయంత్రం ఏడింటికి చాంద్రాయణగుట్ట గదిలో కూడుకుంటున్నాం. పాత నడుము నొప్పులున్నవాళ్ళు స్కాన్ కాగితాలు ఇంట్లో పెట్టి, తలా ఒక చీపురుకర్ర తెచ్చుకోండి.